రెప్ప వేస్తే ఆరిపోతుందనుకున్నా

నా చూపు మంచిది కాబట్టే నాకు చదువు రాలేదు. చిన్నప్పుడు మా జొన్నచేనులో మంచె మీద నన్నే నిలబెట్టేవారు. పిట్టల గుంపు దూరాన చుక్కల్లా ఉండగానే నేను వడిసెలలో రాయి పెట్టి తిప్పేదాన్ని. ఈ పిల్లను బడికి పంపితే చేను ఎవరు కాస్తరు అనేవాడు మా నాయన. జొన్న తర్వాత కంది, కంది తర్వాత శనగ. పంటలన్నీ ఇంటికొచ్చి నాకు తీరిక దొరికేసరికి బడికి ఎండాకాలం సెలవులు.

ఇన్నేళ్లకు అక్షరాలు నేర్పింది మా కోడలు. ఆమె నారాయణఖేడ్‌లో మా ఇంట్లోనే కూర్చుని, హైదరాబాద్ కంపెనీ పని కంప్యూటర్ మీద చేస్తుంది. ముందు పలక మీద దిద్దించింది. తర్వాత తన పాత ఫోన్ నా చేతిలో పెట్టి, పక్క గదిలోంచి రాసి పంపడం మొదలుపెట్టింది. ‘అత్తమ్మా, చాయ్ పెట్టు.’ ‘అత్తమ్మా, చాయ్‌ల అల్లం వెయ్.’ నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాకే గిన్నె పొయ్యి మీదికెక్కేది. నీ కోడలు నోటితో చెప్పదు, రాసి హుకుం ఇస్తదని పక్కింటి వదిన నవ్వేది. నాకు మాత్రం ఆ హుకుం ఎప్పుడొస్తుందా అని చెవి అటే ఉండేది.

ఒకరోజు ‘అల్లం’ దాకా వచ్చానో లేదో, పొయ్యి మీద ఆవాలు చిటపటలాడాయి. అటు చూసి ఇటు తిరిగేసరికి ఫోన్ నల్లబడింది. చూపు తప్పితే దీనికి తెలిసిపోతుందనుకున్నాను. అప్పటి నుంచి ముఖానికి దగ్గరగా పట్టుకుని, రెప్ప వేయకుండా చదివేదాన్ని. అయినా ఆరిపోయేది. ఎక్కడో రెప్ప పడి ఉంటుందిలే అనుకుని, మరుసటిసారి కళ్ళు ఇంకా పెద్దగా తెరిచేదాన్ని. మంచె మీద నేర్చిన బుద్ధి అది. రెప్ప వేస్తే కంకి పిట్టపాలే.

కొన్నాళ్లకు కళ్ళల్లో కారం చల్లినట్టు మంట మొదలైంది. నీళ్లు కారేవి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. ఈ వయసులో చదువులేంది, ఉన్న చూపు పోతదని వదిన భయపెట్టింది. నాకు చూపు పోతుందన్న భయం కన్నా, ఈ సంగతి తెలిస్తే కోడలు ఫోన్ తీసుకుంటుందేమో అన్న భయమే ఎక్కువ. ‘కల్హేర్’ అని బస్సు మీది ఊరి పేరు ఒక్కదాన్నే చదివి వారం కూడా కాలేదు. అందుకే కొంగుతో తుడుచుకుంటూ, పొగ తగిలిందని చెప్పాను.

“గ్యాస్ పొయ్యికి పొగ ఏడికెళ్లి వచ్చిందత్తమ్మా?” అంది కోడలు.

ఆ సాయంత్రమే స్కూటీ మీద కూర్చోబెట్టుకుని కంటి దవాఖానకు తీసుకుపోయింది. తొవ్వ పొడవునా నేను ఒక్క మాట మాట్లాడలేదు. డాక్టరమ్మ లైటు వేసి చూసి, శుక్లాలు లేవంది. దగ్గరి చూపుకు అద్దాలు రాసింది. నేను ఫోన్‌లో చదువుతానని కోడలు చెబితే, ఆ ఫోన్ నా చేతికే ఇచ్చి, రోజూ ఎట్లా చదువుతావో అట్లా చదవమంది. నేను మంచె ఎక్కినట్టు ఊపిరి బిగబట్టి చదివాను. ఆమె ఫోన్ వైపు చూడలేదు, నా ముఖమే చూసింది.

“అమ్మా, నువ్వు రెప్ప కొడ్తలేవు. ఎందుకు?”

“కొడితే ఇది ఆరిపోతది కదా” అన్నాను.

కోడలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను. కాసేపటికి నా భుజం మీద చెయ్యి వేసి, ఇంత కష్టపడి నా చాయ్ చదివినవా అని మెల్లగా అడిగింది. ఎవరు చూసినా చూడకున్నా కొంతసేపటికి ఫోన్ దానంతట అదే ఆరిపోతుందట. అక్కడే ఏదో నొక్కి, ఎక్కువసేపు వెలిగి ఉండేలా చేసింది, అక్షరాలూ పెద్దవి చేసింది. రెప్ప పడితేనే కంటికి తడి అంటుతుందని, తడి లేకనే ఈ మంట అని డాక్టరమ్మ చెప్పింది. ఫోన్ మూరెడు దూరం పెట్టాలి, చీకట్లో చూడొద్దు, మధ్యమధ్యల తల ఎత్తి దూరంగా ఉన్నదాన్ని చూస్తుండాలి. చదువు మానాలా అని అడిగాను. ఎందుకు మానాలి, మంచిగ చదువుకో అంది. ఆ మాటతో నా ప్రాణం లేచొచ్చింది. వెంటనే డాక్టరమ్మ కోడలి వైపు తిరిగి, నీ కళ్ళు కూడా ఎర్రగున్నయి, రోజంతా కంప్యూటరేనా అని ఆమెను అందుకుంది. ఇంటికొచ్చేటప్పుడు తొవ్వంతా నేనే మాట్లాడాను.

మరునాడు పొద్దున కోడలు అప్పుడే కంప్యూటర్ ముందు కూర్చుంది. నేను ఫోన్ పట్టుకుని డాబా ఎక్కాను. ఊరి అవతల కందిచేలు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. ఒక్కో అక్షరం వెతికి నొక్కాను, మధ్యలో రెప్పలు వేశాను, తల ఎత్తి చేల వైపు చూశాను. ఫోన్ నా కోసం వెలుగుతూనే ఉంది. నేను రాసిన మొదటి హుకుం ఇది: ‘కంప్యూటర్ బంద్ చెయ్. మీదికి రా. దూరం చూడాలె.’

మెట్ల మీద ఆమె అడుగులు వినిపించాయి. చేతుల్లో రెండు చాయ్ కప్పులున్నాయి. అల్లం వాసన ముందే వచ్చింది.