కిటికీ పక్క కుర్చీ

ఆరాధన లిస్బన్‌లో ఉన్నా, హనోయ్‌లో ఉన్నా పనిచేసుకోడానికి కుర్చీ అద్దెకిచ్చే కోవర్కింగ్ స్పేస్‌ను ఒకే తీరున ఎంచుకుంటుంది. ముందు లాప్‌టాప్ తెరవదు. కిటికీ పక్క కూర్చుని, బల్లమీద అరచేయి ఆనించి, కాసేపు గదిలోని మాటలు వింటుంది. ఆ గది తనను ఉండనిస్తుందో, తోసేస్తుందో అరచేతికి తెలిసిపోతుంది. వీసా పనిమీద రెండు నెలలు తిరువూరులో ఉండాల్సి వచ్చింది. ఊళ్లో ఇలాంటి గది ఒక్కటే ఉంది, విత్తనాల కొట్టు మేడమీద గిరిబాబు పెట్టింది. పురుగుమందు వాసన ఆమెతోపాటే మెట్లెక్కింది. మూడింటికి ఆన్‌లైన్‌లో ఆఫీసు మీటింగ్. అది తప్పితే ఉద్యోగం ఉండదు.

"రండి మేడం, మీకు నచ్చిన చోట కూర్చోండి," అన్నాడు గిరిబాబు.

కిటికీ పక్కనే కూర్చుని ఫారం నింపి ఇచ్చింది. తండ్రి పేరు దగ్గర అతని వేలు ఆగింది.

"ఏసోబంటే, మా వినగడప పొలంలో పనిచేసిన ఏసోబేనా?"

"అవునండీ. మా నాన్నే."

"అలాగా! ఆ సీటు బుక్కయిందమ్మాయ్. అటు జిరాక్స్ మిషన్ పక్కన కూర్చో."

బల్లమీద ఆమె అరచేయి చల్లబడింది.

"ఎవరికి బుక్కయిందండీ?"

"ఎవరో ఒకళ్లు వస్తార్లే."

ఆరాధన కుర్చీలోంచి లేవకుండానే చార్జరు కిటికీ కింది ప్లగ్గులో గుచ్చింది. ఇక ఏ మాటా వినకుండా లాప్‌టాప్ తెరిచింది.

"వచ్చేశారండీ," అంది.