టెన్షన్ ఉందా?

మేడ్చల్‌లో మా బావ నడిపే కోత మిషన్‌లో నేను సగం భాగస్వామిని. కట్టె కోసేది ఆయన, కోతలు కోసేది నేను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. ప్లాట్లలో ఇళ్లు లేచి, ఇళ్లకు తలుపులు కావలసి వచ్చి మా మిషన్ పొద్దంతా గుయ్యిమంటుండేది.

శామీర్‌పేట నుంచి ఒక అవ్వ టేకు దుంగ తెచ్చింది. పొలం అమ్ముడుపోయినా, గట్టు మీద పెనిమిటి నాటిన చెట్టును ఆమె అమ్మలేదు. కొట్టించి, ఎండబెట్టి, కొత్తింటి పెద్ద దర్వాజ కోసం దాచుకుంది. నిలువు కట్టెలు, పైకట్టె బావ ముందు రోజే కోసేశాడు. మిగిలింది కడప, అంటే కింద వేసే గడప, ఒక్కటే. తెల్లారితే దర్వాజ నిలబెట్టే ముహూర్తం. కోత గాడి తప్పితే ఇంకో ముక్క తేవడానికి ఆ చెట్టు లేదు.

కౌకూర్‌లో తలుపులు బిగించడానికి వెళ్తూ బావ, "కొత్త బ్లేడు ఎక్కించి పెట్టు. నేనొచ్చి కోస్త. నువ్వు మాత్రం కట్టె మీద చెయ్యి వెట్టకు" అన్నాడు. మధ్యాహ్నం దాటినా రాలేదు. శామీర్‌పేటలో వడ్రంగి కడప కోసం కూర్చున్నాడు. అవ్వ నా ఎదురుగా కూర్చుంది.

"ఏం బిడ్డా, కోస్తవా, సూసుకుంట కూసుంటవా?"

"బావను రానియ్యే అవ్వా."

"మీ బావ వచ్చేదాంక మూర్తం ఆగుతదా?"

బ్లేడు ఎక్కించడం నాకు వచ్చు. కింద ఒక చక్రం, పైన ఒక చక్రం, రెండింటి చుట్టూ పళ్లున్న ఉక్కు పట్టీ. పై చక్రాన్ని మరతో ఎత్తితే పట్టీ బిగుస్తుంది. ఆ బిగువునే మేం టెన్షన్ అనేవాళ్లం. అది తగ్గితే రంపం కట్టెలో దారి తప్పుతుంది, మించితే అతుకు దగ్గర పుటుక్కున తెగుతుంది. బావ పట్టీని వేలితో మీటి, చప్పుడును బట్టి చెప్పేవాడు. నేనూ మీటాను. నాకు వినిపించిందల్లా నా గుండె చప్పుడే.

అంతలో ఫోన్ మోగింది. రూపాయి బిళ్ల ఫోన్ నుంచి బావ.

"బామ్మర్దీ, ఈడ పని తెగుతలేదు. ఇగ నువ్వే కోసెయ్. బ్లేడు ఎక్కించినవా?"

"ఎక్కించిన బావా."

"టెన్షన్ ఉందా?"

"మస్తుంది బావా."

"మస్తుంటే ఎట్లరా? తెగుతది. జర తగ్గించు. ఇగ..."

రూపాయి అయిపోయింది.

ఆయన అడిగింది నన్ను, తగ్గించమన్నది బ్లేడును అనుకున్నాను. ఉన్న ఒక్క టెన్షన్‌నూ ఇద్దరికీ పంచేశాను. మరను వెనక్కి తిప్పి, మిషన్ వేసి, సుద్ద గీతకు కాస్త ఇవతలగా కట్టెను నెట్టాను.

మొదట బాగానే తెగింది. తర్వాత గుయ్యిమనే చప్పుడు గురగురలోకి దిగింది. పట్టీ విల్లులా వంగుతూ గీత వైపు జరుగుతోంది.

"లోపటికి పోతాంది బిడ్డా!" అవ్వ లేచింది.

స్విచ్చి కొట్టాను. కానీ చక్రాలు అంత తొందరగా ఆగవు. వెనక్కి లాగితే పట్టీ చక్రం మీంచి ఊడి మీదికొస్తుంది. ముందుకు నెడితే గీత దాటుతుంది. కట్టెను అదిమి పట్టుకుని నిలబడ్డాను. పళ్లు ఇంకా నములుతూనే ఉన్నాయి, దానివి కట్టెను, నావి పెదవిని. చివరికి చక్రం ఆగింది. పట్టీ గీత మందంలో సగం తిని ఆగింది.

మళ్లీ ఫోన్.

"ఇంకో రూపాయి దొరికింది. తగ్గించినంక మీటి సూసినవా? టంగుమనాలె."

"దబ్‌దబ్ అంటాంది బావా. కట్టెల ఇరికింది."

"దబ్‌దబ్ అంటే వదులు గదరా! మస్తుందంటివి?"

"నాకు, బావా."

బావ లారీల మోతను మించి అరిచాడు.

"నిన్నెవడు అడిగిండురా? బ్లేడునడిగిన! నీ టెన్షన్ ఇంటికాడ మీ అక్క సూస్కుంటది. కోత సందుల చెక్క సీల దిగ్గొట్టి కట్టెను మెల్లగ ఎన్కకు గుంజు. పట్టీ బిగియ్యి. చక్రం చేత్తో తిప్పి సూడు. ఈసారి ఆ కొసకెల్లి కొయ్యి."

అన్నీ అలాగే చేశాను. బిగించిన కొద్దీ మీటాను, టంగుమనేదాకా. చక్రాన్ని చేత్తో తిప్పితే పట్టీ అంచు దాటకుండా నడిచింది. దుంగను తిప్పి రెండో కొస నుంచి మొదలుపెట్టాను. అవ్వ గీత మీదే కళ్లు పెట్టి, పక్కనే నడిచింది. రెండు కోతలు కలిసేచోట కట్టెను ఇంకా మెల్లగా నెట్టాను. పక్క చెక్క ఊడి కింద పడింది.

పాత కోత తప్పినచోట అవ్వ గోరుతో రాసి చూసింది. చిన్న మెట్టు తగిలింది.

"చిత్రిక వడితె పోతది తియ్" అంది.

కడపను ట్రాలీ ఆటోలోకి ఎక్కించాం. డ్రైవరు తాడు బిగించడానికి దాని మీద కాలు ఆనించాడు.

"ఓ పిలగా, కాలు తియ్! కడప మీద కాలు వెడ్తరా ఎవలన్న?"

"గిది ఇంకా కట్టెనే గదనే అవ్వా."

"నీకు కట్టెనే. తియ్!"

డ్రైవరు కాలు తీసి, మోకాళ్ల మీద కూర్చుని ముడి వేశాడు.