రంగం గుమ్మం

సముద్రానికి హద్దు గీసి, దాని మీదుగానే దేశదేశాల చెట్లను మా వాకిట్లోకి చేర్చిన దేవునికి స్తోత్రం.

మా వైపు పెద్దవాళ్లు బర్మాను రంగం అంటారు. మా పెద్దమ్మ తండ్రి కూలికి రంగం వెళ్లి, అక్కడి రేవులో టేకు దుంగలు మోసి వచ్చినవాడు. ఆ కాలంలో సముద్రం దాటి వచ్చిన కర్ర అంటే మావాళ్లకు రంగం టేకు ఒక్కటే. తొంభైల చివర్లో పూండి దగ్గర మా ప్రార్థన మందిరం కట్టేనాటికి సంగతి మారిపోయింది. పలాసలో కలప అమ్మే అడితీకి వెళ్తే ముందు వరుసంతా మలేషియా కర్ర. బర్మా టేకు ఎక్కడో వెనక గోడ దగ్గర, అదీ కొద్దిగా.

పెద్దమ్మ మాత్రం జబ్బు నుంచి లేచినప్పుడు, మందిరానికి రంగం గుమ్మం ఇస్తానని దేవునికి మొక్కుకుంది. ప్రతిష్ఠకు ఆదివారం నిర్ణయమైంది. ఆ వారం మొదట్లో నన్ను ఎస్టీడీ బూత్‌కు తీసుకెళ్లి, ఫోను తనే పట్టుకుంది.

"బాబూ, మందిరానికి రంగం గుమ్మం పంపు!"

"ఏ రంగమ్మా?" అడితీ షావుకారు గొంతు నాకూ వినిపించింది.

"ఏ రంగమేటి! రంగాలు ఎన్నున్నాయేటి? మంచిది సూసి పంపు."

శనివారం పొద్దున ట్రాలీ ఆటోలోంచి గుమ్మం దిగింది. నిగనిగలాడే నీలం రంగు.

వడ్రంగి పొట్ట పట్టుకుని నవ్వాడు. "అత్తా, రంగు అడిగినావనుకోని సముద్రాన్నే పంపేసినాడు!"

"నవ్వకురా. గీకి సూడు."

గీకాడు. లోపల ఎర్రటి కర్ర. "మలేషియాది. మంచిదే అత్తా, సెదలు ముట్టవు."

పెద్దమ్మ మెట్టు మీద కూలబడింది. "నాను దేవుడికి రంగం అని సెప్పినాను. రేపు ఏ మొగం పెట్టుకోని నిలబడాల?"

పాస్టరు అయ్యగారు వచ్చి ఓదార్చారు. బైబిల్లో పూర్వపు మందిరం కోసం లెబానోను దేవదారు కూడా పరదేశం నుంచే వచ్చిందనీ, ఏ దేశపు కర్రయినా దేవునికి ఒకటేననీ చెప్పారు.

"వాళ్లు దేవదారు అని సెప్పి దేవదారే ఇచ్చినారు గదా అయ్యగారూ," అంది పెద్దమ్మ. ఆయన నవ్వేశారు.

నేనూ వడ్రంగీ అప్పటికప్పుడు పలాస వెళ్లాం. విషయం తెలిసి షావుకారు నెత్తి కొట్టుకున్నాడు. మొత్తం గుమ్మానికి సరిపడా బర్మా టేకు లేదు. వెతగ్గా వెతగ్గా ఒక్క ముక్క దొరికింది. వడ్రంగి జానలేసి చూసి, "గడపకొత్తాది," అన్నాడు.

సాయంత్రానికి నీలమంతా గీకేసి, కింది కర్ర తీసి ఆ టేకు బిగించాడు. పెద్దమ్మ వంగి గడప వాసన చూసింది.

"మా అయ్య సొక్కా వాసన," అంది.

"మరి మొక్కు తీరినట్టా, లేనట్టా?" అన్నాడు వడ్రంగి.

"రంగం దాటకుండా లోనికెవులొత్తార్రా? తీరిపోనాది."

తర్వాతి ఏళ్లలో కవిటి వైపు మా సంఘం మందిరాలు కట్టినప్పుడు గుమ్మాలు, గడపలు అన్నీ మలేషియావే పెట్టాం. రంగం టేకు కావాలని అక్కడెవరూ మొక్కుకోలేదు మరి! పెద్దమ్మ మాత్రం మా మందిరంలో చివరిదాకా గడప పక్కనే కూర్చుని పాడింది.

చదువుతున్న మీరూ ఒక్క క్షణం నాతో కలవండి. ప్రభువా, నీకిచ్చిన మాట పూర్తిగా చెల్లించలేని చోట, దొరికినంత తెచ్చి నీ ముందు పెట్టే ధైర్యం మాకివ్వు. దానిని సంతోషంగా అందుకో. ఆమేన్.