కరుణమ్మ మేడం టీ తాగినంతసేపు

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నా నోట్లో దూరిన చీమ ఏనుగై బయటికొస్తుంది, అదీ అంబారీతో సహా. మా ఆవిడ సరోజ నా మాటల్లో ముప్పాతిక భాగం తీసి పక్కన పెట్టి మిగిలిందే నమ్ముతుంది. మీరూ అలాగే చదవండి. ఇందులో నేను కల్పించింది ఏదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

మొన్న మదనపల్లె టమేటా మార్కెట్టు బయట కారు ఆపుకుని కూర్చున్నాను. ఎండ ఎంతటిదంటే, గంపల్లో టమేటాలు గంపల్లోనే పులుసైపోతున్నాయి. కిటికీలోంచి చెయ్యి చాపితే పక్కన నిలబెట్టిన ఎవరిదో పాత స్కూటరు పిడి తగిలింది. కాగిన నల్ల రబ్బరు అరచేతికి అంటుకుంది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మల్లెపూల వాసనకో, సాంబ్రాణి వాసనకో మనుషులు గుర్తొచ్చేవాళ్లు అదృష్టవంతులు. నాకు ఈ కాలిన రబ్బరు వాసనకు కరుణమ్మ మేడం గుర్తొస్తుంది. ఆమె పోయి కొన్నేళ్లయింది. నేను రెండోసారి బండి నడపడం నేర్చుకున్నప్పుడు నా ఎడమచేతిలో ఉన్నది ఇలాంటి పిడే, పక్క సీట్లో ఉన్నది ఆమే.

రెండోసారి ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందో చెప్పాలి. తొంభైల చివర్లో నేను మదనపల్లెలో ఒక పంపుసెట్ల అంగట్లో సేల్స్‌మన్‌ని. బి.కొత్తకోట నుంచి సదుం, పుంగనూరు, బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం దాకా నాదే లైను. బోరులో నీళ్లు పడకముందే రైతుకు మోటారు అమ్మగలిగేవాణ్ణి. అలాంటివాణ్ణి ఒకరోజు చింతకాయల కోసం చెట్టెక్కి జారిపడ్డాను. నడుము దెబ్బతింది. రెండు కాళ్లూ నా మాట వినడం మానేశాయి. మా ఓనరు మంచివాడు. "అంగట్లో కూర్చోప్పా, నీ జీతం యాడికీ పోదు" అన్నాడు. కానీ కొనడానికే వచ్చినవాడికి అమ్మడంలో ఏముంది? పొలం గట్టు మీద వద్దు వద్దంటున్నవాడి చేత సరే అనిపించాలి, అదీ బతుకంటే. గల్లాపెట్టె పక్కన కూర్చున్న కొద్ది వారాల్లోనే నా నోరు తుప్పు పట్టింది. సరోజ కంగారుపడి "ఏమన్నా ఒక అబద్ధమన్నా సెప్పు" అని బతిమాలుకుంది. ఓనరు చివరికి ఒక మాట ఇచ్చాడు: "నీ అంతట నువ్వు బండి తోలుకుని పోగలిగితే కుప్పం లైను నీకే. ఆస్పత్రి మేడం సరే అనాల. ఈసారి వేరుశనక్కాయల సుగ్గి, కోతలన్నీ అయ్యేదాంక సూస్తా, ఆమీట ఇంకొగర్ని పెట్టుకుంటా."

ఆస్పత్రి మేడం అంటే కరుణమ్మే. మిషన్ ఆస్పత్రిలో పడిపోయిన చేతులకూ కాళ్లకూ పని నేర్పే మేడం. చిన్నప్పుడే పోలియో వచ్చి ఒక కాలికి ఇనుప పట్టీ ఉండేది. ఆమె వరండాలో నడిచొస్తుంటే ఆ టకటక శబ్దానికి మంచాల మీద రోగులు సగం నయమై లేచి కూర్చునేవాళ్లు. తన కారును తానే చేతులతో నడుపుకునేది. జిల్లాలో ఎవరికి కాళ్లు పోయినా, బండికి ఏ సామాను బిగించాలో ఆమెనే అడిగేవాళ్లు.

"యాడ పడితివి?" అంది మొదటిరోజు.

"చింతచెట్టు మీద నుంచి మేడం. చెట్టంటే చెట్టు కాదు, హార్స్‌లీ కొండకు ఒక మూర తక్కువ."

"కొండ మీద నుంచి పడినా మంచం మీద నుంచి పడినా నాకు ఒగటేప్పా. సెయ్యి సూపీ."

మనుషుల్ని తూచే మిషనును గోడకు ఆనించి, దాన్ని ఎడమచేత్తో నెట్టమంది. ఈ చేత్తో ఐదు హార్స్‌పవర్ మోటారు ఎత్తి ఎడ్లబండిలో పెట్టానని చెప్పాను. "మోటారు ఎత్తేది వొద్దు. నేను టీ తాగేదాంక ఆ ముల్లు దిగకుండా పట్టుకో. నోరు మూసుకోని" అంది. చేత్తో బ్రేకు వెయ్యడం ఒక ఎత్తు, వేసి పట్టుకుని ఉండటం ఇంకో ఎత్తు అని ఆమె లెక్క. రైలు గేటు దగ్గర, పల్లంలో, ఎద్దులు అడ్డం వచ్చినచోట బండి నిలబడే ఉండాలి కదా. అందుకే ఎవరొచ్చినా ఆమెకు ఇదే పరీక్ష. ఇక ఆమె టీ తాగే తీరు చెప్పాలంటే, రెండు గుటకల మధ్య ఒక బోరు వేసి నీళ్లు పట్టుకోవచ్చు.

గ్లాసు సగమయ్యేసరికి నా ఎడమ భుజం వణికింది. చెట్టు మీద నుంచి పడినప్పుడు అదీ దెబ్బతింది. ఆ వణుకు కప్పిపుచ్చుదామని "మేడం, ఒగసారి సదుంలో ఏమైందంటే" అని మొదలుపెట్టాను.

"నోరు" అందామె.

నోరు మూశాక భుజానికి ఆసరా పోయింది. ముల్లు జారిపోయింది.

"నొస్తాందా?"

"అబ్బే, తిమ్మిరి మేడం. రాత్రి దాని మీద పండుకున్యా."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "నన్ను నీ మాటల్తో నమ్మించొచ్చు నాగరాజప్పా. పల్లంలో దిగే బండికి నీ తెలుగు రాదు. నొప్పి ఉంటే ఉండాదని సెప్పు. దాన్ని బట్టే సేత్తో నెట్టే బ్రేకు లివరు ఎంత పొడుగుండాల్నో, యాడ బిగించాల్నో సూసేది. లేని బలం సెప్పినావంటే లేని మనిషికి బండి తయారైతాది. దాన్ని నువ్వు తోలలేవు."

"నొస్తాంది మేడం" అన్నాను. నా జీవితంలో విశేషణం లేని వాక్యం అదే మొదటిది.

బండినీ, దానికి బిగించే సామానునూ ఎంచుకోవడానికి పుంగనూరులో బాషా భాయ్ వెల్డింగు షెడ్డుకు పోయాం. నేను జీపు కావాలన్నాను. పల్లెల్లో జీపు దిగితేనే మర్యాద. కరుణమ్మ మేడం జీపు బ్రేకు మీద ఒక కర్ర ఆనించి ఎడమచేత్తో నెట్టమంది. నెట్టాను. బ్రేకు కదల్లేదు, నా పళ్లు కదిలాయి. పక్కనున్న పాత చిన్న కారు బ్రేకు మాత్రం వెన్నలో వేలు దిగినట్టు దిగింది.

"ఊరోళ్ల కోసం కొంటాండావా, సేతి కోసం కొంటాండావా?"

"సేతి కోసమే మేడం" అన్నాను, జీపు వైపు చూస్తూ.

ఒంటిచేత్తో స్టీరింగు తిప్పాలంటే దాని మీద తిరిగే పిడి ఒకటి ఉండాలి. నేను ముందే ఇత్తడితో పోత పోయించి తెచ్చాను, టెంకాయంత, సింహం ముఖంతో. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది తలుపుకు కొట్టుకో. మలుపులో సొక్కా సెయ్యి దీనికి తగులుకుంటే ఈ సింహం మొదట నిన్నే తింటాది." చివరికి నున్నటి, చదునైన చిన్న పిడిని ఎంచి, నా చేత కళ్లు మూయించి స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పించింది. కుడిచెయ్యి తడుముకోకుండా దొరికిన చోటే పిడి బిగించమంది. ఎడమవైపు లివరు. ముందుకు నెడితే బ్రేకు, వెనక్కి లాగితే వేగం. తిరగేసి పెడితే ఏమని బాషా అడిగాడు.

"భయమేస్తే మనిషి ముందుకు తూలతాడు భాయ్. తూలితే బండి ఆగాల గానీ పరిగెత్తగూడదు."

నా భుజం కోసం లివరును జానెడు పొడుగు చేయించి, కిందికి దింపించింది, ఒళ్లంతా వాలితే ఆ బరువు బ్రేకు మీద పడేటట్టు. గేరు రాడ్డుకు సైకిలు బ్రేకు లాంటి క్లచ్చు పెట్టారు. లివరు చివర బాషా పాత స్కూటరు రబ్బరు పిడి తొడిగాడు. ఆ మధ్యాహ్నమంతా అది నా చేతిలోనే ఉంది. ఆ వాసనే ఇది.

ఇంటికి తెచ్చాక సరోజ పూజ చేసింది. పసుపు, కుంకుమ, టెంకాయ. కారు పాతది, కొత్తగా వచ్చింది లివరే కదా అని దానికే మల్లెపూలు చుట్టింది. మరునాడు ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం అంటించుకుని కుప్పం బయలుదేరాం. కరుణమ్మ మేడం ఎక్కుతూనే "పూలు తీసెయ్" అంది. తీసేశాను. దిష్టి నిమ్మకాయల దండ ఎవరి కంటా పడకూడదని సరోజ లివరు కింద, రాడ్డుకు కట్టిందని మా ఇద్దరికీ తెలియదు.

పలమనేరు దాటి బైరెడ్డిపల్లె వైపు పోతుంటే ఒక పల్లం వచ్చింది. ఆ పల్లంలో గొర్రెలు. రాయలసీమలో ఉన్న గొర్రెలన్నీ ఆరోజు అక్కడే రోడ్డు దాటుతున్నాయి. లివరు నెట్టాను. సగం పోయి ఆగిపోయింది. వేగం తగ్గింది గానీ బండి ఆగలేదు. ఇంకో రోజైతే "పరవాలేదు మేడం, ఇట్లాంటివి వంద సూసినా" అనేవాణ్ణి.

"ఆగలా! లివరు పోలా!" అని అరిచాను.

ఆమె చెయ్యి అప్పటికే హ్యాండ్‌బ్రేకు మీద ఉంది. లాగింది. కారు ఒక్క కుదుపుతో నిలబడింది. ఆమె ఒళ్లో ఉన్న ఫ్లాస్కు కిందపడి దొర్లింది. చివరి గొర్రె అద్దంలోంచి నన్ను బాగా చూసి, నచ్చక ముందుకు పోయింది. గొర్రెలాయన కర్ర ఎత్తి "కండ్లు ఇంట్లో పెట్టొచ్చినావా సామీ?" అన్నాడు.

కరుణమ్మ మేడం వంగి, లివరుకూ కింది రేకుకూ మధ్య ఇరుక్కున్న నిమ్మకాయను లాగింది. చితికి పచ్చడైపోయింది. "సరోజమ్మ పనా? దేవుడు బండికి ముందర ఉంటే సాలదాప్పా, బ్రేకు కింద యాల?" అని, దాన్ని కిటికీలోంచి విసిరేసి, "పూలు సూస్తి, కింద సూడకపోతి. నాదీ తప్పే" అంది.

"నా వల్ల గాదు మేడం. అంగట్లో కూర్చుంటా" అన్నాను.

ఆమె వినిపించుకోలేదు. దండంతా తెంపి, లివరు చివరిదాకా పోతోందో లేదో రెండుసార్లు నెట్టి చూసింది. "సెయ్యి ఎట్లుండాది? కథ వొద్దు."

"వణకతాంది. భుజం నొస్తాంది."

"పట్టుకుంటావా?"

"పట్టుకుంటా."

"అది సాలు. హ్యాండ్‌బ్రేకు వదుల్తాండా. నేను టీ తాగేదాంక బండి కదలగూడదు."

ఫ్లాస్కు మూతలో టీ పోసుకుంది. ఆ ఆవిరి పోయి కుప్పం మీద మబ్బు పట్టింది. ఊదుకుంటూ తాగింది. నేను లివరు మీదికి ఒళ్లంతా వాల్చి రోడ్డునే చూస్తున్నాను. ఎదురుగా ఒక బస్సు ఎక్కిపోయింది, ఒక ఎడ్లబండి దిగిపోయింది. నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఎంతకీ ఆ గుటకలు ఆగలేదు. బండి కూడా కదల్లేదు.

"పదప్పా" అంది చివరికి. "కుప్పంలో ఎవురికన్నా మోటారు అమ్ముదువు, సూస్తా."

అప్పుడు వదిలిన ఊపిరికి ముందరి అద్దం మసకబారింది. పల్లం దిగుతుంటే మాటలు వాటంతట అవే వచ్చేశాయి. సదుంలో ఏమైందో మొత్తం చెప్పాను. ఆమె నవ్వి నవ్వి కళ్లజోడు తుడుచుకుంది. కుప్పంలో మోటారు కూడా అమ్మాను. లైను నాకే వచ్చింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి తిరిగాను. చాలాసార్లు పుంగనూరు షెడ్డులో కొత్తవాళ్లకు సామాను ఎంచేటప్పుడు ఆమె నన్ను పిలిచేది. ఇప్పటికీ బయలుదేరే ముందు లివరు కింద చెయ్యి పెట్టి తడుముతాను, ఒకసారి నెట్టి పట్టుకుంటాను. ఆ కాసేపు మాత్రం నా నోట అబద్ధం రాదు. తర్వాత మీ అదృష్టం.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. గొర్రెల సంగతి మీకెలాగూ తెలుసు, సగానికి సగం తీసేసుకోండి. నిమ్మకాయ నిజం, నొప్పి నిజం. నేను కల్పించింది టీ. ఆరోజు ఆ పల్లంలో టీ లేదు. ఫ్లాస్కు కిందపడినప్పుడే బిరడా ఊడి అంతా ఒలికిపోయింది, నా కాళ్ల దగ్గర పట్టా తడిసింది. కాళ్లకు తెలియదు కాబట్టి నాకూ తెలియలేదు. "పదప్పా" అన్నాక ఆమె మూతను బోర్లించి విదిలిస్తే ఒక్క చుక్క రాలలేదు. అప్పుడు తెలిసింది. కథ వద్దని నన్ను కసిరిన మనిషి, ఖాళీ మూతను ఊదుకుంటూ, చల్లార్చుకుంటూ, గుటకలు వేస్తూ తనకిష్టమొచ్చినంతసేపు తాగింది. అంతసేపూ నేను బండిని ఆపి పట్టుకున్నాను.