గిన్నెలో చూపించిన గడ్డ

పానగల్ గుర్వమ్మకు కోపం ఊరికే రాదు. వచ్చిందంటే మాత్రం మందలో పొట్టేళ్ళు కూడా పక్కకు తప్పుకోవాల్సిందే.

తెలంగాణ వచ్చిన ఏడు ఆమె కడుపు ఉబ్బింది. నల్లగొండ ప్రైవేటు దవాఖానలో డాక్టరు, అండాశయంలో గడ్డ ఉందని చెప్పి, గర్భసంచితో సహా తీసేశాడు. నర్సు ఆ గడ్డను స్టీలు గిన్నెలో పెట్టి తెచ్చి గుర్వమ్మ భర్త పరశురాములుకు చూపించింది. ఆపరేషన్ నిజంగానే చేశామని రుజువన్నమాట! అక్కడ అందరికీ అట్లాగే చూపిస్తారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గొర్రెలు కాసిన పరశురాములు, కోసిన గొర్రె కార్జం చూసి రోగం సంగతి చెప్పగలడు. గిన్నెలోకి వంగి చూసి, "సాఫ్ ఉన్నది సారు, నీళ్ళ గడ్డనే" అన్నాడు. డాక్టరు నవ్వి, "నువ్వే పెద్ద డాక్టరువు" అన్నాడు. ముక్కను పరీక్షకు పంపనేలేదు, పారేయించాడు.

ఏళ్ళు గడిచాక కడుపు మళ్ళీ ఉబ్బింది. హైదరాబాద్ పెద్దాసుపత్రిలో డాక్టర్ సుచరిత పరీక్షలన్నీ చేయించి, పాత గడ్డ రిపోర్టు అడిగింది. లేదని విని పెన్ను పక్కన పెట్టింది.

"అండాశయంలో కొన్ని గడ్డలు మామూలువీ కావు, క్యాన్సరూ కావు, నడిమధ్య రకం. మైక్రోస్కోపులో చూస్తే తప్ప తెలియదు. చాలామందికి తీసేస్తే పోతాయి. కొందరికి మాత్రం ఏళ్ళ తర్వాత, లోపలికి చొచ్చుకుపోయే క్యాన్సరుగా తిరిగొస్తాయి. అది నిదానంగా పెరుగుతుంది కానీ మందులకు సరిగా లొంగదు. ఇప్పుడు మీకున్నది ఆ రకం క్యాన్సరే."

"అప్పటి గడ్డ గూడ గా నడిమధ్యదేనా మేడం?" అని అడిగింది గుర్వమ్మ.

"అయ్యుండొచ్చు. ఇప్పుడు ఎవరం చెప్పలేం. తెలిసి ఉంటే ఏటేటా పిలిచి చూసేవాళ్ళం, చిన్నగా ఉండగానే దొరికేది."

తిరుగు బస్సులో పరశురాములు కళ్ళు తుడుచుకుంటూ, "నేనే గద సాఫ్ ఉన్నదన్న" అన్నాడు.

"నువ్వు గొర్లు కాసెటోనివి, నీకేం ఎరుక? అన్ని ఎరుకుండి నవ్విండు చూడు, వాని మీద మండుతాంది నాకు."

నల్లగొండలో దిగి ఇంటికి పోలేదు, నేరుగా ఆ దవాఖానకే పోయింది. డాక్టరు ఆమెను గుర్తు పట్టలేదు. సంగతంతా విని, "అప్పుడది మామూలు గడ్డేనమ్మా" అన్నాడు.

"పరీక్ష చేయిస్తివా?"

"ఆ రోజుల్లో ఎవరు చేయించారమ్మా?"

"చేయించకుంట మామూలుదని ఎట్లంటవు సారూ? ఏ కలల కనవడ్డది నీకు?"

బయట కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. అట్లాగే నిలబడి అతని ముఖంలోకి చూసింది. సిగ్గుపడతాడేమో అనుకుంది. అతను గంట నొక్కి తర్వాతి పేషంటును పిలిచాడు. ఆ మనిషికి సిగ్గెక్కడిది!

రెండో ఆపరేషన్ నాడు థియేటర్ తలుపు దగ్గర గుర్వమ్మ సుచరిత చెయ్యి పట్టుకుంది.

"లోపల ఏమున్నదో నాకే చెప్పాలె మేడం, నా మొగనికి గాదు. సచ్చినా ఫికర్ లేదు. ఏం రోగంతోని సస్తున్ననో ఎరుకుండి సస్త."