విషం లేని మజ్జిగ

1958 మార్చి 7, శుక్రవారం. మా ఊరి తిరునాళ్ల మొదటి రోజు. హాజరైనవారు: నేను, మా అక్క కొడుకు వెంకటరత్నం, పాటగాడు సాంబయ్య, వాగవతలి ఊరి అక్కమ్మ, మా ఊరి జనం.

గుంటూరులో ఉదయం ఆరున్నర బస్సెక్కాను. నలభై ఏళ్ల కిందటి డైరీ చేతిసంచిలో ఉంది. పక్కన కూర్చున్న మిరపకాయల వ్యాపారి నేను వెళ్లే ఊరు అడిగి, మా ఊరి కథ నాకే వినిపించాడు.

"పత్తి బళ్లు తోలుకెళ్తుంటే వాగవతల ఊళ్లో మజ్జిగలో విషం కలిపి పోశారండి. ఏడుగురు పోయారు."

"ముగ్గురు," అన్నాను.

"మీరేమన్నా చూశారేంటి?"

"ఆ మజ్జిగ తాగిన నాలుగోవాణ్ణి నేనే."

చిలకలూరిపేట వచ్చేదాకా ఆయన నాకు దూరంగా జరిగి కూర్చున్నాడు.

నాతో పత్తి బళ్లు తోలిన ఆ ముగ్గురూ పొద్దున దారిలో కుంట నీళ్లు తాగారు. నేను తాగలేదు. మధ్యాహ్నం అక్కమ్మ ఇంటి ముందు నలుగురం ఒకే కుండలో మజ్జిగ తాగాం. రాత్రికి వాళ్లకు వాంతులు, విరేచనాలు. అది కలరా. ఇదంతా ఆ రోజే డైరీలో రాశాను. తర్వాత ఊరివాళ్లు పాట కట్టమంటే అందులో విషం పెట్టాను. కుంటను తిట్టే పాట ఎవరు వింటారని అప్పటి నా ఇరవయ్యేళ్ల బుద్ధి. నేను ఉద్యోగానికి గుంటూరు వచ్చేశాను, పాట అక్కడే ఉండిపోయింది. ఏటా తిరునాళ్లలో పాడతారు, పాడాక వాగవతలికి రాళ్లు విసురుతారు. నిరుడు అక్కమ్మ మనవడికి ఒక కన్ను పోయింది. ఆ సంగతి ఈమధ్యే తెలిసింది. అందుకే ఈ ప్రయాణం.

పేటలో ఇడ్లీ తిని, పదింటికి ఇంకో బస్సెక్కాను. దిగాక రెండు మైళ్లు నడక. కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు దగ్గుకుంటూ పన్నెండున్నరకు అక్కమ్మ ఇల్లు చేరి నేనెవరో చెప్పాను.

"ఆ పాట కట్టింది మీరా?" అంది.

"నేనే."

"బాగా కట్టారండి. మా కోడళ్ల పుట్టిళ్లలో కూడా వచ్చు."

నేను తలదించుకోలేదు. అందుకోసం రాలేదు. "మజ్జిగ కుండతో మా ఊరు వస్తారా?" అన్నాను.

"పదండి. కొట్టేవాళ్లు కొడతారు," అని కుండ ఎత్తుకుంది.

నాలుగింటికి మా ఊరి తిరునాళ్లలో సాంబయ్య పాట మొదలుపెట్టబోతుంటే అడ్డం నిలబడి డైరీలో పేజీ చదివాను.

"ఆ పుస్తకం ముయ్యి మావయ్యా," అన్నాడు వెంకటరత్నం. "పోయినవాళ్లకి అన్యాయం చేస్తావా?"

"బతికున్నవాళ్లకి చేసింది చాల్లేరా," అని అందరి ముందూ అక్కమ్మ కుండలోంచి రెండు గ్లాసుల మజ్జిగ తాగాను.

"రేపు తెల్లారేదాకా ఉంటాడేమో చూద్దాం," అన్నారెవరో. నవ్వారు. పాట ఆగలేదు. అక్కమ్మా నేనూ ముందు వరసలోనే కూర్చుని చివరిదాకా విన్నాం. మమ్మల్ని దాటుకుని రాయి విసరడానికి ఎవరూ లేవలేదు.

మర్నాడు ఆరింటికి నేను వెంకటరత్నం ఇంటి అరుగు మీద గడ్డం గీసుకుంటుంటే జనం ఒక్కొక్కరే వచ్చి నన్ను చూసి పోతున్నారు. అక్కమ్మ మళ్లీ వాగు దాటి వచ్చింది, తాజా మజ్జిగతో.

సాంబయ్యా వచ్చాడు. "ఇవాళ పాడనండి. గొంతు బాగాలేదు," అన్నాడు.

"గొంతుకి మజ్జిగ మంచిది," అంది అక్కమ్మ.

సాంబయ్య ఒకసారి వెంకటరత్నం వైపు చూశాడు. తర్వాత వంగి దోసిలి పట్టాడు.