ఆమడకొక తాంబూలం

మద్రాసులో మిరప వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఉన్న బాబాయి ఉత్తరం రాశాడు. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి విమానంలో హైదరాబాదు బయలుదేరుతున్నాడట. రెండు గంటల ప్రయాణమట. చదివి వినిపించింది నేనే. నాయనమ్మ సగంలోనే కూలబడింది.

"రైలుంది కదే! గాలిలో పోవాల్సిన ఖర్మ వాడికేం పట్టింది? ఆ రోజు వాడు క్షేమమని తెలిసిందాకా నేను అన్నం ముట్టను."

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. నలుగురిలో నోరు విప్పేదాన్ని కాదు. పెట్టెలో చీరల కింద నా డైరీ, ఒక పాత అట్లాసు దాచుకునేదాన్ని. ఆ సాయంత్రం దారం కొస మద్రాసు మీద ఉంచి హైదరాబాదు దాకా బిగించాను. దారం కనిగిరికి కాస్త పడమరగా, అంటే మా ఊరి మీదుగానే పోయింది! కొలిస్తే మూడు వందల ముప్ఫై మైళ్ళ దాకా తేలింది.

నాయనమ్మకు మైళ్ళు తెలియవు. ఎనిమిదితో భాగించి, "నలభై ఒక్క ఆమడలు" అన్నాను.

"అమ్మో! మధ్యలో మజిలీ ఎక్కడ చేస్తారే?"

"మజిలీ ఉండదు నాయనమ్మా. ఆమడకు మూడు నిమిషాలు."

"అంటే, తాంబూలం నమిలేంతసేపా?"

"అంతే. మన ఊరు ఇరవై రెండో తాంబూలం. పదీ ఐదుకు మన కల్లం మీదుగా పోతాడు. నీకు చూపిస్తాను."

నోరు జారాను. తెల్లవారేసరికి ఆ మాట మిరపకాయలు ఏరే ఆడవాళ్ళందరికీ పాకిపోయింది.

శుక్రవారం నాయనమ్మ పొద్దున్నే కల్లంలో గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. ఇంట్లో గోడ గడియారం పదీ ఐదు చూపించింది. ఆకాశంలో ఒక గద్ద తప్ప ఏమీ లేదు. పదీ పది. పదింపావు.

"ఏం అమ్మాయిగారూ, మీ ఇమానానికి టైరు పంచరైందా?" అంది తాలుకాయలు ఏరుతున్న ఒకావిడ. అందరూ పగలబడి నవ్వారు. నా చెవులు పండు మిరపకాయలయ్యాయి. నవ్వులకంటే, వాడిపోయిన నాయనమ్మ ముఖం చూడలేకపోయాను.

ఆమె ఉన్నట్టుండి తలెత్తింది. "ఏ గడియారం చూశావే?"

"మన గోడ గడియారమే."

"పిచ్చిమొహమా! కనిగిరి బస్సు తప్పిపోతుందని మీ నాన్న దాన్ని ఇరవై నిమిషాలు ముందుకు తిప్పిపెట్టాడు కదే!"

ఆ సంగతి ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. ఆమడలు లెక్కకట్టిన నాకు మాత్రం గుర్తుకు రాలేదు. లోపలికి పరుగెత్తాను. పదీ ఇరవై ఏడు. అంటే అసలు టైము పదీ ఏడే. మళ్ళీ గడప దాటుతుంటే దక్షిణం వైపు నుంచి తుమ్మెద రొద.

"అదుగో!" అని అరిచాను. నాకంత గొంతు ఉందని నాకే తెలియదు.

ఆడవాళ్ళు ఒక్కసారిగా లేచారు. ఒడిలోని కాయలు జలజలా రాలాయి. వెండిలా మెరుస్తూ అది నెత్తిమీదుగా పోతుంటే నాయనమ్మ కొంగు ఊపింది.

"ఒరేయ్ అబ్బాయ్! నిదానంగా పోనివ్వమని చెప్పరా!"

విమానం ఉత్తరాన చుక్కయిపోయింది. నాయనమ్మ గోనెపట్టా దులిపింది.

"ఇంకా పంతొమ్మిది తాంబూలాలే. అన్నం పెట్టవే, ఆకలేస్తోంది."

ఇందాక టైరు పంచరని ఎగతాళి చేసినావిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"మా చిన్నదాన్ని మార్టూరు ఇచ్చాం. ఇమానంలో పోతే ఎన్ని తాంబూలాలమ్మా?"

చీరల కింది అట్లాసు తెచ్చి కల్లంలో అందరి ముందూ పరిచాను.

"తొమ్మిది లోపే" అన్నాను, గట్టిగానే.